మిస్‌కాన్ఫిగరేషన్ అంటే గ్రహపాటేనా?

మొన్న ఉదయం 6 గంటలకు కస్టమర్లకి వెళ్ళాల్సిన మెసేజ్‌లు 11:30కి వెళ్ళాయి. కోడ్‌లో బగ్ లేదు, సర్వర్ పడిపోలేదు, కొత్త మెషీన్‌లో టైమ్ జోన్ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైములోనే ఉండిపోయింది, అంతే. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు కదా, పాపం అది దాని లెక్కన ఠంచనుగా ఆరింటికే పంపింది. రిపోర్టులో కారణం అన్నచోట "మిస్‌కాన్ఫిగరేషన్" (సెట్టింగ్ తప్పుగా ఉండటం) అని రాసేసి ఇంటికొచ్చి అమ్మమ్మకి అదేంటో చెప్పబోతే, సగం కూడా వినకుండా "గ్రహపాటురా, ఏం చేస్తాం" అనేసింది.

నవ్వేశాను గానీ, తర్వాత మిస్‌కాన్ఫిగరేషన్ అన్న మాట పుట్టుక వెతికితే ఆవిడే కరెక్టు! లాటిన్‌లో కాన్ఫిగురారే అంటే ఒక రూపానికి తగ్గట్టు మలచడం. అందులో ఉన్న ఫిగురాకి మూలం మట్టి పిసికి మలిచే ధాతువు, మన "దేహం" కూడా దానికి చుట్టమే. ముందు తగిలించిన "మిస్" మాత్రం లాటిన్ కాదు, పాత ఇంగ్లీషుది, "తప్పుగా" అని. అసలు సంగతేంటంటే, 17వ శతాబ్దంలో కాన్ఫిగరేషన్ అన్నది గ్రహాలు ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయో చెప్పే మాట. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1619లో అచ్చేసిన పుస్తకంలో ఒక భాగం పేరులోనే ఈ మాట ఉంది, అందులో ఉన్నది జ్యోతిషమే.

ఆలోచిస్తే పోలిక బాగా కుదిరింది. శని చెడ్డవాడని కాదు, ఏ ఇంట్లో కూర్చున్నాడన్నదే గొడవ. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటలపాటు ఆగిపోయినప్పుడూ అంతే: మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్‌తో వాళ్ళ డేటా సెంటర్ల మధ్య నెట్‌వర్క్ తెగింది, దాంతో డీఎన్ఎస్ సర్వర్లు (సైటు పేరు చెబితే దాని అడ్రసు చెప్పేవి) మేమిక్కడున్నామని బయటికి చెప్పడం మానేశాయి. మెషీన్లన్నీ లోపల బాగానే ఉన్నాయి, వాటి దగ్గరికి దారే లేదు.

ఆఫీసులో మామూలుగా "కాన్ఫిగ్ తేడా కొట్టింది" అంటాం. ఈ మాటలోనూ, మిస్‌కాన్ఫిగరేషన్‌లోనూ, గ్రహపాటులోనూ ఒక సుఖం ఉంది, చేసినవాడు కనపడడు. పొరపాటు అంటే వెంటనే "ఎవరిది?" అని అడుగుతారు. రిపోర్టుల్లో ఆ పెద్ద మాటే ఎందుకు నడుస్తుందో ఇప్పుడర్థమైంది.

టైమ్ జోన్ మార్చకుండా వదిలేసింది నేనే. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు.