రివర్స్ ప్రాక్సీ వెనకున్న సైటుకు ఐపీవీ6: నా అనుభవం

రివర్స్ ప్రాక్సీ అంటే బయటి రిక్వెస్టులను ముందుగా అందుకుని లోపలి అప్లికేషన్‌కు చేరవేసే సర్వర్; నాది ఎన్‌జిన్‌ఎక్స్ (nginx). దాని వెనక నడిచే సైటుకు ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త, పొడవాటి పద్ధతి; పాతది ఐపీవీ4) ఇవ్వడానికి నేను లోపలి నెట్‌వర్క్ జోలికి పోలేదు. బ్రౌజర్ కనెక్షన్ ప్రాక్సీ దగ్గరే ముగుస్తుంది, అప్లికేషన్‌కు వెళ్లేది వేరే కనెక్షన్. అది ఐపీవీ4 అయినా నష్టం లేదు.

పోర్టు తెరవడం చిన్న పనే. ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌లో ప్రతి సర్వర్ బ్లాకులోనూ పాత లిజన్ లైన్ (ఏ అడ్రస్, పోర్టు మీద వినాలో చెప్పేది) ఉంచి, కింద [::]:443తో ఇంకోటి రాయాలి. 80కీ అంతే. ఎన్‌జిన్‌ఎక్స్ వెర్షన్ 1.3.4 నుంచి ఆ కొత్త లైన్ మామూలుగా ఐపీవీ6ను మాత్రమే వింటుంది కాబట్టి పాతది తీసేయకూడదు. ఏదైనా డొమైన్‌కు ఈ లైన్ లేకపోతే రిక్వెస్టు డిఫాల్ట్ బ్లాకుకు పోయి వేరే సైటు సర్టిఫికెట్ కనబడుతుంది.

అసలు శ్రమంతా క్లయింట్ అడ్రస్‌ను చదివే కోడ్‌లో ఉంది. పోర్టు నంబరు తీసేద్దామని అడ్రస్‌ను మొదటి కోలన్ దగ్గర విరగ్గొట్టే ఫంక్షన్లు చాలా కోడ్‌లో కనిపిస్తాయి. ఐపీవీ6 అడ్రస్ వస్తే వాటి చేతిలో 2001 లాంటి మొదటి ముక్కే మిగులుతుంది. అలా మొదలయ్యే అడ్రస్‌లన్నీ ఒకే మనిషివన్నట్టు లెక్కపడి, రేట్ లిమిట్ (ఒకరు ఎన్ని రిక్వెస్టులు పంపవచ్చో పెట్టే హద్దు) అందర్నీ కలిపి ఆపేస్తుంది. విరగ్గొట్టకండి, అడ్రస్‌లను చదివే లైబ్రరీకే అప్పగించండి. డేటాబేస్‌లో 15 అక్షరాల కాలమ్ కూడా చాలదు, పూర్తి అడ్రస్ 39 అక్షరాల దాకా ఉంటుంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే దానిలోని ఐనెట్ (inet) టైప్ ఐపీవీ4, ఐపీవీ6 రెండింటికీ సరిపోతుంది. రేట్ లిమిట్‌ను విడి అడ్రస్‌కు కాక /64కు (మొదటి 64 బిట్లు ఒకటిగా ఉన్న అడ్రస్‌ల బ్లాకుకు) పెట్టాలి. ఒక్క ఇంటి కనెక్షన్‌కే మామూలుగా కనీసం అంత బ్లాకు వస్తుంది, అందులో పరికరాలు అడ్రస్ మార్చుకుంటూ ఉంటాయి. ప్రాక్సీకి ముందు సీడీఎన్ (సైటు పేజీలను చూసేవాళ్లకు దగ్గర్నుంచి అందించే మధ్య సర్వర్లు) ఉంటే దాని ఐపీవీ6 రేంజ్‌లను కూడా నమ్మదగిన జాబితాలో చేర్చాలి, లేకపోతే లాగ్ నిండా సీడీఎన్ అడ్రస్‌లే.

ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6ను (నెట్‌వర్క్ లోపాల కబుర్లు మోసే ప్రోటోకాల్‌ను) మొత్తంగా మూసేయడం మహా ప్రమాదం. ఐపీవీ6లో మధ్య రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు, పెద్దదైందని తిరిగి కబురు పంపుతాయి. ఆ కబురు అందకపోతే కనెక్షన్ కుదురుతుంది గానీ, సర్టిఫికెట్ పంపే చోట టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే పద్ధతి) బిగుసుకుపోతుంది.

డీఎన్‌ఎస్‌లో క్వాడ్-ఏ (AAAA, డొమైన్ పేరుకు ఐపీవీ6 అడ్రస్ చెప్పే) రికార్డు అన్నిటికన్నా చివర పెట్టాను, టీటీఎల్ (జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పేది) 300 సెకన్లతో. పరీక్ష బ్రౌజర్‌తో వద్దు. ఐపీవీ6 కనెక్షన్ కుదరకపోతే అది చడీచప్పుడు లేకుండా ఐపీవీ4కు మళ్లిపోతుంది, లోపం బయటపడదు. కర్ల్ (curl) అనే కమాండ్ లైన్ సాధనానికి -6 (ఐపీవీ6 మాత్రమే వాడమని) ఇచ్చి ప్రతి డొమైన్‌నూ చూడాలి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడేవాళ్లు 80 పోర్టునూ అలాగే చూడాలి: క్వాడ్-ఏ రికార్డు ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ డొమైన్‌ను సరిచూడటానికి ముందు ఐపీవీ6లోనే వస్తుంది, అక్కడ 404 ఎదురైతే ఐపీవీ4లో మళ్లీ ప్రయత్నించదు, రెన్యూవల్ ఆగిపోతుంది.