మూడు పతాకాల కింద కిమియా అలీజాదే

2016 రియో ఒలింపిక్స్‌లో 57 కిలోల తైక్వాండో విభాగంలో కాంస్యం గెలిచిన కిమియా అలీజాదే వయసు అప్పటికి పద్దెనిమిదేళ్లే అయినా, ఒలింపిక్ పతకం సాధించిన తొలి ఇరాన్ మహిళగా ఆమె పేరు చరిత్రకెక్కింది. మరుసటి ఏడాది ప్రపంచ పోటీలలో రజతం కూడా దక్కింది.

అయితే 2020 జనవరిలో, తన విజయాలను పాలకులు ప్రచారానికి వాడుకున్నారని, వారు చెప్పిన దుస్తులే ధరించవలసి వచ్చిందని బహిరంగంగా ప్రకటించి ఆమె దేశం విడిచారు. పతకం గెలవడం కన్నా ఈ నిర్ణయానికే ఎక్కువ ధైర్యం కావాలని నేననుకుంటాను.

టోక్యోలో శరణార్థుల జట్టు తరఫున బరిలోకి దిగిన ఆమెకు తొలి ప్రత్యర్థిగా ఇరాన్ క్రీడాకారిణి నాహిద్ కియానీయే ఎదురయ్యారు. విధి వేసే ఎత్తులు ఇలాగే ఉంటాయేమో! ఆమెను ఓడించాక, అంతకుముందు వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన బ్రిటన్ యోధురాలు జేడ్ జోన్స్‌ను కూడా 16–12తో ఇంటికి పంపిన కిమియా, చివరకు కాంస్య పోరులో ఓడి పతకం చేజార్చుకున్నారు. తరువాత బల్గేరియా పౌరసత్వం పొంది, 2024 పారిస్‌లో ఆ దేశానికి కాంస్యం అందించారు. అక్కడ రజతం గెలిచింది నాహిద్ కియానీ.