ఓడ ట్యాంక్‌లో తొణుకుడు – మూడో వారం

పోయిన వారం రన్ మొత్తం వేస్ట్, ముందు అది చెప్పేస్తా. ఓపెన్‌ఫోమ్‌లో (నీళ్ళూ గాలీ ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ట్యాంక్‌ని అటూ ఇటూ ఊపడానికి ఒమేగా అని ఊపు ఎంత వేగమో చెప్పే ఒక నంబర్ ఇవ్వాలి, నేను 0.85 కొట్టి పడుకున్నా, పొద్దున లేచి చూస్తే నీళ్ళు తోడుపెట్టిన పెరుగులా అలాగే ఉన్నాయి. అక్కడ అడిగేది హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని ఊపులు) కాదు, రేడియన్ పర్ సెకండ్, అంటే హెర్ట్జ్ ఇంటూ 2 పై. 5.35 ఇవ్వాలి.

మోడల్ పొడవు 60 సెంటీమీటర్లు, ఎత్తు 40, నీళ్ళు 12. నీళ్ళు వాటంతట అవి ఊగే ఒమేగాకి ఫార్ములా ఉంది: ఒమేగా స్క్వేర్ అంటే జి ఇంటూ కె ఇంటూ టాన్‌హెచ్ కెహెచ్, జి గురుత్వ త్వరణం, హెచ్ నీళ్ళ లోతు, టాన్‌హెచ్ సైంటిఫిక్ కాలిక్యులేటర్లో ఉండే ఫంక్షన్, కె ఏమో పై బై పొడవు. పీరియడ్, అంటే ఒక ఊపుకి పట్టే టైమ్, 1.175 సెకన్లు వస్తుంది. నమ్మకం కుదరక అటక మీదున్న రెండడుగుల ఫిష్ ట్యాంక్ దింపి, 12 సెంటీమీటర్లు నీళ్ళు పోసి, ఒక పక్క కొంచెం ఎత్తి వదిలి ఫోన్లో వీడియో తీశా. పది ఊపులకి 11.9 సెకన్లు. హాలంతా తడి అయ్యింది, ఇంట్లో అక్షింతలు కూడా పడ్డాయి, కానీ ఫార్ములా కరెక్టే.

దీన్నే 40 మీటర్ల వెడల్పు ట్యాంక్‌కి పెంచితే టైమ్ స్కేల్ రూట్‌లో పెరుగుతుంది కాబట్టి పీరియడ్ దాదాపు 9.6 సెకన్లు అవుతుంది, సముద్రంలో అలలు కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి, రెండూ కలిస్తే ఊపు పెరుగుతూ పోతుంది, అసలు తంటా అక్కడే. అందుకే ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజ వాయువు) మోసే మెంబ్రేన్ ట్యాంకుల్ని, అంటే ఓడ గోడల ఆసరాతో నిలిచే పల్చటి పొర ట్యాంకుల్ని, సముద్రంలో సగం సగం నింపి తిప్పనివ్వరు, మామూలుగా పొడవులో 10 శాతం లోపు మట్టమైనా ఉండాలి, ఎత్తులో 70 శాతం దాటైనా ఉండాలి. నిండు కుండ తొణకదని మనవాళ్ళు మనుషుల గురించి అన్నారు, వీళ్ళకి అది అక్షరాలా రూలు.

ఇక మెష్ సంగతి, అంటే లెక్క కోసం ట్యాంక్‌ని సెల్స్ అనే చిన్న గళ్ళుగా కోయడం. 4 మిల్లీమీటర్ల సెల్స్‌తో 15,000, 2తో 60,000, 1తో 2,40,000. టూడీ కాబట్టి ముందు వెనక ఫేసులకి ఎంప్టీ (ఆ దిక్కులో లెక్క వద్దని చెప్పే సెట్టింగ్) పెట్టా, కూరాంట్ నంబర్ (ఒక టైమ్ స్టెప్‌లో నీళ్ళు ఎన్ని సెల్స్ దాటతాయో చెప్పేది) 0.5 దాటనివ్వలా, రోల్, అంటే ట్యాంక్ పక్కకి ఒరిగే కోణం, 2 డిగ్రీలు. గోడకి తగిలే ప్రెషర్ పీక్ చూస్తే 4 మిల్లీమీటర్లలో 2.1 కిలోపాస్కల్, 2లో 3.0, 1లో 4.4. సెల్ చిన్నదయ్యే కొద్దీ పెరుగుతూనే ఉంది, ఇంకెక్కడ ఆగుతుంది! గోడ మొత్తం మీద ఫోర్స్ మాత్రం 2 మిల్లీమీటర్ల దగ్గరే కుదురుకుంది, కాబట్టి ఇకనుంచి నేను నమ్మేది దాన్నే, పీక్‌ని గ్రాఫ్‌లో పెట్టి మురిసిపోను. ఇంకోటి, ప్రోబ్ (గోడ మీద ఒక చోట ప్రెషర్ నమోదు చేసే పాయింట్) ప్రతి టైమ్ స్టెప్‌కీ రాసేలా పెట్టుకోండి, లేకపోతే నీళ్ళ దెబ్బ రెండు నమోదుల మధ్యలో పడి అసలు పడనట్టే కనిపిస్తుంది, నాకు రెండు రన్‌లు అలాగే పోయాయి.

నాది నీళ్ళూ గాలీ మాత్రమే, నిజం ఎల్‌ఎన్‌జీ మైనస్ 162 డిగ్రీల దగ్గర ఉంటుంది, దాని పైనుండే ఆవిరి గాలికన్నా బరువు, అల విరిగినప్పుడు ఆ గ్యాస్ చిక్కుకుని కుషన్‌లా పనిచేస్తుంది. ల్యాబుల్లో ఇందుకే గాలి బదులు బరువైన గ్యాస్ మిశ్రమం వాడి గ్యాస్‌కీ ద్రవానికీ మధ్య డెన్సిటీ రేషియో సరిచేస్తారు. ఇంట్లో ఫిష్ ట్యాంక్‌తో అది మనవల్ల కాదు.

ఇప్పుడు 28 సెంటీమీటర్ల ఫిల్లింగ్ నడుస్తోంది, ఒమేగా 6.79. ఈసారి యూనిట్ రెండుసార్లు చూసుకున్నా.