బోరు లారీలో బిట్టు మార్చడం: నా అనుభవం

మాది దేవరకొండ దగ్గరి పల్లె అయినా, నేను డ్రిల్లింగ్ పని నేర్చుకున్నది మాత్రం కొత్తగూడెం వైపు ఒక భూగర్భ గనిలో. నల్లగొండ నేల కింద బొగ్గు లేదు. తెలంగాణలో అది గోదావరి లోయలోనే దొరుకుతుంది. ఆ గనిలో కరెంటుతో తిరిగే చేతి డ్రిల్లుతో బొగ్గు గోడకు పేలుడు మందు పెట్టే రంధ్రాలు వేసేవాళ్లం. దాని కొసన ఉండి తొలిచే ముక్కే బిట్టు. దానికి రెండు రెక్కలు, వాటి అంచున టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు ఉంటాయి. బొగ్గు మెత్తన కాబట్టి దెబ్బ అక్కరలేదు, తిప్పితే చాలు, చెక్కుకుంటూ పోతుంది. అంచు మొద్దుబారితే విప్పి ఇంకొకటి తగిలించడం రెండు నిమిషాల పని. తీసిన బిట్టును పచ్చరంగు సిలికాన్ కార్బైడ్ చక్రం మీద పదును పెట్టేవారు, ఎందుకంటే మామూలు సానరాయికి కార్బైడ్ లొంగదు.

ఆ అలవాటుతోనే ఊరికి తిరిగివచ్చి బోరు లారీ ఎక్కాను. ఇక్కడ మొరం దాటితే గ్రానైటే. ఈ రాతిని చెక్కలేము, కొట్టి పగలగొట్టాలి. కంప్రెసర్ గాలితో బోరు అడుగునే హ్యామర్ కొడుతుంటే, దాని మూతికి బిగించిన ఆరున్నర అంగుళాల బిట్టు నెమ్మదిగా తిరుగుతూ రాతిని నలుగగొడుతుంది. ఆ బిట్టు ముఖం నిండా బటన్లు, అంటే కార్బైడ్ బొడిపెలుంటాయి. మొన తేలిన బటన్లు మెత్తని రాతిలో వేగంగా దిగుతాయి కానీ, పలుగురాయి ఎక్కువున్న మా గ్రానైటులో విరిగిపోతాయి. కాబట్టి గుండ్రటి బటన్లే కొనాలి. ఈ సంగతి నాకు ఒక ఖరీదైన బిట్టు పాడయ్యాకే తెలిసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ మర్రిగూడ మండలంలో ఒక బత్తాయి తోటలో తగిలింది. 310 అడుగుల దగ్గర రాతిపొడి గోధుమపిండిలా మెత్తగా రావడం మొదలైంది. బిట్టు బాగా తెగుతున్నప్పుడు జొన్నగింజలంత పలుకులు పడతాయి, పిండి వస్తోందంటే బటన్లు అరిగి చదునైనట్టే. అంతవరకూ నేను సరిగ్గానే పోల్చుకున్నాను. రాడ్లన్నీ పైకి లాగి, బిట్టును పట్టి ఉంచే చక్ విప్పి, పాత బిట్టు తీసేసి, గనిలో చేసినట్టే సరికొత్త బిట్టు బిగించి దించాను. 280 అడుగుల దగ్గర అది పట్టేసింది.

మా మేస్త్రి పాత బిట్టును చేతిలోకి తీసుకొని, దాని అంచు బటన్ల మీద బొటనవేలు రాసి చూసి, "తమ్మీ, ఇది అరిగినకొద్దీ బోరు సన్నగైంది, నువ్వు లావు బిట్టు దింపితే ఎట్ల దిగుతది?" అన్నాడు. కొలిస్తే 165 మిల్లీమీటర్లు ఉండాల్సింది 161 ఉంది. గనిలో వేసే రంధ్రం ఐదడుగులకు మించదు, ఒక్క బిట్టుతోనే మొదలై ముగుస్తుంది కనుక ఈ చిక్కు అక్కడ నాకెప్పుడూ ఎదురుకాలేదు. వెనక్కి తిప్పితే రాడ్ల మరలు ఊడి హ్యామర్ బోరులోనే ఉండిపోతుంది కాబట్టి, గాలి ఆపకుండా, ముందుకే తిప్పుతూ, కొంచెం కొంచెంగా ఎత్తుతూ బయటికి తీయడానికి నాలుగు గంటలు పట్టింది. రెండు అంచు బటన్లు విరిగాయి. రైతు మాత్రం ఒక్క మాటా అనకుండా మాకు చాయ్ తెప్పించాడు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

అప్పటి నుంచి ప్రతి బిట్టు కొలతను దాని పక్కన రంగుతో రాసి, లారీ పెట్టెలో పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా పెడుతున్నాను. కొత్తది కొత్త బోరు మొదలుపెట్టడానికే. లోతుకు పోయాక మార్చాల్సివస్తే తీసినదానికన్నా వెంట్రుకవాసైనా సన్నగా ఉన్నదే దించుతాను. బటన్ చదును దాని వెడల్పులో మూడో వంతుకు చేరకముందే సాన పట్టిస్తాను. మార్చిన ప్రతిసారీ బిట్టు కాడలోని ప్లాస్టిక్ గొట్టం పగలలేదని చూసుకుంటాను, అది పగిలితే హ్యామర్ కొట్టదు.

ఈ మధ్య చండూరు దగ్గర ఒక పెద్దాయన, "పైసలు కొత్త బిట్టుకు తీసుకొని పాతది దింపుతున్నవేంది బిడ్డా?" అని నిలదీశాడు. రెండు బిట్లూ పక్కపక్కన పెట్టి, కొలత పట్టి చూపించాను. ఆయన తానే మళ్లీ ఒకసారి కొలుచుకొని, దించమన్నాడు.