స్టాప్‌వాచ్ టైమును ఎంతవరకు నమ్మాలి?

తిరుపతి స్కూలు గ్రౌండ్లలో పిల్లల 30 మీటర్ల పరుగుకు ఎక్కువగా చేతి స్టాప్‌వాచీతోనే టైము తీస్తారు. తప్పు దొర్లేది అక్కడే. పిల్లవాడు కదిలాక గానీ బొటనవేలు నొక్కదు. గీత దగ్గరికి వస్తుండగా కనబడతాడు కాబట్టి ఆపేటప్పుడు ఆ ఆలస్యం ఉండదు. అందుకే చేతి టైము అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల చేతి టైముకు 0.24 సెకన్లు కలిపాకే ఎలక్ట్రానిక్ టైముతో పోలుస్తారు. నెలల సాధనతో 30 మీటర్లలో తగ్గేది అంతకన్నా తక్కువే కావచ్చు! ప్రతిసారీ టైము తీసేది ఒకే మనిషై ఉండాలి. టైమింగ్ గేట్లుంటే (కాంతి బీము తెగగానే టైము నమోదు చేసే పరికరాలు) ముందు కాలును మొదటి గేటుకు అర మీటరు వెనక పెట్టించండి, లేదంటే ఊగే చెయ్యే బీమును తెంచేస్తుంది.

టీ-టెస్టు అంటే దిశ మార్చే చురుకును చూసే, ఇంగ్లీషు T ఆకారంలో సాగే పరుగు. ఇందులో ముందుకు 9.14, పక్కలకు 4.57 మీటర్లు. దారి అలవాటు కావడంతోనే టైము పడిపోతుంది కాబట్టి ముందు రెండుసార్లు మెల్లగా తిప్పండి. లెక్కలోకి తీసుకునే పరుగుల మధ్య 3 నిమిషాల విశ్రాంతి ఇవ్వండి. మలుపులో మట్టి లేచి కాలు జారితే ఆ పరుగు కొట్టేయండి. మే ఎండలో పదింటికి తీసిన టైమును డిసెంబరు పొద్దుటి టైముతో పోల్చొద్దు.

అమ్మాయిలు 12, అబ్బాయిలు 14 ఏళ్ల ప్రాంతంలో గబగబా పొడుగవుతారు. అప్పుడు కొందరికి మలుపుల్లో తడబాటు వస్తుంది. ఆ ఒక్క టైము చూసి జట్టులోంచి తీసెయ్యడం అన్యాయం. మూడు నెలలకోసారి ఎత్తు కూడా రాసి పెట్టుకుంటే తేడా దేనివల్లో అంచనా వేయొచ్చు.