మా క్రెటాకి కొత్త టైర్లు: కోనసీమ వానలకి ఏవి పనికొస్తాయని

ఆగస్టు 24, 2025. రీడింగు 52,340 కి.మీ.

అమలాపురం నుంచి కొత్తపేట వస్తుంటే కాలువ పక్క మలుపులో బ్రేకు వేశాను. బండి మూరెడు దూరం జారి ఆగింది. స్పీడు నలభై కూడా లేదు. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు రాల్చిన రేగడి మట్టి మీద జల్లు పడి, రోడ్డంతా సబ్బు రాసినట్టుంది. తప్పు రోడ్డుదే అనుకున్నాను గానీ, మనసొప్పక ఇంటికి రాగానే టైరు గాళ్ల లోతు కొలిచే డెప్త్ గేజ్ పట్టుకుని కూర్చున్నాను.

ముందు ఎడమ టైరు బయటి అంచు 3.6 మి.మీ., మధ్యలో 3.4, లోపలి అంచు 1.8. గాడిలో ఉండే అరుగుదల గుర్తు 1.6 దగ్గర ఉంటుంది. అంటే లోపలి అంచు పనైపోయినట్టే. నిలబడి చూస్తే ఇది కనబడదు. స్టీరింగు పూర్తిగా తిప్పి, వంగి, చక్రం వెనక నుంచి చూడాలి. పక్కన తేదీ 3118, అంటే 2018లో 31వ వారం తయారీ. ఏడేళ్లు నిండాయి. గాళ్ల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు, గోరుతో నొక్కితే రబ్బరు దిగడం లేదు. ఇన్నాళ్లూ పైపైన చూసి బాగానే ఉన్నాయనుకున్నాను.

సెప్టెంబరు రెండో వారం

మా పెద్దమ్మగారి అబ్బాయి ఆల్ టెరైన్ వేయమంటాడు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ అవి కంకర రోడ్లకి, వదులు నేలకి. మన రేగడి ఆ టైర్ల మీదుండే పెద్ద పెద్ద రబ్బరు దిమ్మల మధ్య కూడా పేరుకుపోతుంది. మా బండి నూటికి తొంభై పాళ్లు తిరిగేది తడిసిన తారు మీదే. అక్కడ కావలసింది నీళ్లని బయటికి తోసే పొడుగాటి గాళ్లు, కాస్త మెత్తటి రబ్బరు. అందుకే హైవే రకమే తీసుకోవాలని తేల్చుకున్నాను.

సైజు దగ్గర కూడా ఆశ పుట్టింది. మాది 205/65 ఆర్16 (వెడల్పు 205 మి.మీ., టైరు పక్క ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 16 అంగుళాలు). 215/65 వేస్తే చక్రం ఎత్తు 673 మి.మీ. నుంచి 686 అవుతుంది. నేల నుంచి బండి పెరిగేది అందులో సగం, ఆరున్నర మి.మీ. మాత్రమే. స్పీడోమీటరు మాత్రం దాదాపు రెండు శాతం తక్కువ చూపిస్తుంది. ఆ లాభానికి ఇది అనవసరం. కంపెనీ సైజే ఉంచాను. టైరు మీద సైజు పక్కనుండే 95హెచ్ లో 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకి 210 కి.మీ. దాకా తట్టుకుంటుంది. అంతకన్నా తక్కువది ఎవరు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

టైర్ల మీద జీఎస్టీ 22వ తేదీ నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గుతోందని కొనడం ఆపాను. అప్పటిదాకా వాన పడితే బండి బయటికి తియ్యలేదు.

సెప్టెంబరు 27

మొదటి షాపులో "ఫ్రెష్ స్టాకండీ" అన్నారు. టార్చి వేసి నాలుగూ తిప్పి చూస్తే రెండు 2023వి. మర్యాదగా చెప్పి వచ్చేశాను. రావులపాలెంలో రెండో చోట నాలుగూ ఈ ఏడాది జూలైలో తయారైనవే దొరికాయి. అక్కడి పెద్దాయన నాలుగింటికీ కొత్త వాల్వులు పెట్టి, బ్యాలెన్సింగు చేశాక, "అలైన్‌మెంటు చూడకుండా తీసికెళ్లకండి బాబూ, మళ్లీ లోపలే తినేస్తుంది ఆయ్" అన్నారు. మిషను ఎక్కిస్తే ముందు ఎడమ చక్రం టో, అంటే చక్రం ముందు అంచు తిరిగి ఉండే దిక్కు, బయటికి తెరుచుకుని ఉంది. ఆ అరుగుదలకి కారణం అదే. సరిచేయించాను. వంద కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ బిగించాను. గాలి డోరు స్టిక్కరు మీదున్నట్టు 33 పీఎస్ఐ, అదీ పొద్దున్నే బండి కదలక ముందు చూసుకుంటున్నాను.

నవంబరు 1

మొంథా తుఫాను వెళ్లిన నాలుగో రోజు. రోడ్ల నిండా కొబ్బరి మట్టలు, ఆకులు, బురద. అదే మలుపులో, వెనక బండ్లేవీ రావడం లేదని చూసుకుని, నలభైలో గట్టిగా బ్రేకు వేశాను. తిన్నగా ఆగింది. ఈసారి జారలేదు. పాత టైర్ల కంటే చప్పుడు కూడా తక్కువే, ఆ మాట మొదట అన్నది మా అమ్మే.

నవంబరు 23

1,150 కి.మీ. తిరిగాక గేజ్ పెట్టాను. లోపల 7.5, బయట 7.5. అలైన్‌మెంటు నిలబడింది. ఐదు వేల కి.మీ.కి ముందు టైర్లు వెనక్కి మార్చాలి. స్టెప్నీ ఇంకా 2018దే. ఒక్కసారీ నేల తాకకపోయినా ఏడేళ్ల రబ్బరు, దాన్ని నమ్మి రాత్రిపూట గోదావరి మీది చించినాడ వంతెన మీదకి వెళ్లలేను. సంక్రాంతి ఖర్చులయ్యాక అదీ మార్చేస్తాను.