నూనె చిక్కనే, మరి తేలుతుందేం?

సాంద్రత, అంటే ఒకే కొలత పదార్థం ఎంత తూగుతుందన్న పాఠాన్ని మా సైన్సు మాస్టారు పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టేవారు. బల్ల మీద పొడవాటి గాజు గ్లాసు, పక్కన తేనె, నీళ్లు, వంటనూనె. ఏది అడుక్కు పోతుందో, ఏది పైకొస్తుందో ముందు నోట్సులో రాయాలి. అందరూ రాసేదాకా చుక్క పోసేవారు కాదు. ఆ పట్టుదల ఎందుకో నేను పాఠాలు చెప్పడం మొదలెట్టాక తెలిసింది. తన జవాబు ముందే రాసేసిన పిల్లాడు గ్లాసు మీంచి కళ్లు తిప్పడు.

తేనె అడుక్కు దిగింది. చిక్కటిదే బరువని క్లాసంతా తేల్చేసింది. తర్వాత నూనె పోస్తే, నీళ్లకన్నా చిక్కగా ఉండి కూడా అది పైకెక్కి కూర్చుంది! మాస్టారు ఏమీ చెప్పకుండా త్రాసు ముందుకు జరిపారు. 100 మిల్లీలీటర్ల నీళ్లు 100 గ్రాములు తూగాయి. అంతే నూనె 92 గ్రాముల దగ్గర ఆగింది, తేనె 140 దాకా వెళ్లింది. చిక్కదనం వేరు, సాంద్రత వేరు అని మా చేతే చెప్పించారు.

ఉప్పునీళ్లలో గుడ్డు తేలడం అందరూ చూసినదే, వదిలేస్తాను. నాకు బాగా నచ్చింది స్పిరిట్ (ఆల్కహాల్) ప్రయోగం. రెండు గ్లాసుల్లోనూ చూడ్డానికి నీళ్లే. ఒకదాంట్లో ఐసుముక్క తేలింది, రెండోదాంట్లో మునిగింది. మునిగినది స్పిరిట్‌లో. దాని సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 0.79 గ్రాములు, ఐసుది 0.92.

అక్కడితో ఆగలేదు. నూనె చుక్క స్పిరిట్‌లో మునుగుతుంది, నీళ్లమీద తేలుతుంది కదా, మరి రెంటినీ కలిపితే? మాస్టారు స్పిరిట్‌లో కొద్దికొద్దిగా నీళ్లు కలుపుతూ పోయారు. ఒక దశలో నూనె చుక్క మునగలేదు, తేలలేదు. గ్లాసు మధ్యలో గుండ్రని గోళీలా నిలిచిపోయింది. 19వ శతాబ్దంలో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో (గ్రీకు తత్వవేత్త వేరు) ఇలాగే నూనె గోళాలను నిలిపి ద్రవాల ఆకారాలను పరిశీలించాడు.

ఇప్పుడు ఇక్కడ ఈ పాఠం చెప్పే టీచర్లకు ఒక మాట. స్పిరిట్ పని మీరే చూసుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. నీళ్లు గబుక్కున గుమ్మరిస్తే సరైన పాళ్లు దాటిపోయి చుక్క పైకొచ్చేస్తుంది. మిగతావన్నీ పిల్లల చేతికే ఇచ్చెయ్యండి. నేల కాస్త జిడ్డవుతుంది, అంతే.